పసుపు సంచుల పక్కన పాత కారు

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పాను. బోర్డు మీద ఒక త్రిభుజం గీసి, ఒక భుజం మీద ఇంధనం, ఇంకో భుజం మీద వేడి, మూడో భుజం మీద ఆక్సిజన్ అని రాసి, ఈ మూడింటిలో ఏ ఒక్కటి తీసేసినా మంట ఆరిపోతుందని బల్ల గుద్ది చెప్పిన మనిషిని. ఆ త్రిభుజం సరిగా గీయలేక నా చేత తిట్లు తిన్న పిల్లలు ఆర్మూరులో ఇప్పటికీ ప్రతి వీధిలోనూ తగులుతారు. ఇంత చెప్పిన నేను, రిటైరైన ఏడాది తిరగకుండానే, ఆ త్రిభుజానికి నాలుగు చక్రాలు బిగించి ఇంటికి తెచ్చుకున్నాను.

అది పాత పెట్రోలు కారు. ఒకప్పుడు మంత్రులు, కలెక్టర్లు తిరిగిన రకం. గుండ్రటి దీపాలు, బొద్దు ఒళ్లు, తెల్ల రంగు. నిజామాబాదులో ఓ డాక్టరుగారి ప్రహరీ వెనక గడ్డిలో మోకాళ్లదాకా కూరుకుపోయి ఉంటే చూసి మనసు పారేసుకున్నాను. చిన్నప్పుడు అలాంటి కారు ఊళ్లోకి వస్తే వెనక దుమ్ములో పరిగెత్తడమే గాని, లోపల ఎలా ఉంటుందో తెలియదు. ఆ కోరిక అంతకాలం నాలో ఎక్కడ నక్కి ఉందో గాని, పెన్షన్ రావడం మొదలవగానే లేచి కూర్చుంది.

ఇంటి ముందు ఆపి హారన్ కొడితే మా ఆవిడ బయటికి వచ్చి చుట్టూ ఒకసారి తిరిగింది.

"గిది నడుస్తదా, మనమే నూకాల్నా?"

"ఇది క్లాసిక్ కారు" అన్నాను గంభీరంగా.

"అంటే?"

"పాతదే. కానీ విలువైనది."

"ఇంట్ల ఒకటి ఉన్నది గదా గట్లాంటిది" అని నా వంక చూసి లోపలికి పోయింది.

మా ఇంటి వెనక ఒక రేకుల షెడ్డుంది. అందులో ప్రతి ఏడాదీ మా అక్క పసుపు సంచులు ఉంటాయి. అక్కది ముప్కాల్ పక్కన పల్లె. బావ మోకాళ్ల నొప్పులతో ఇంటి పట్టునే ఉంటాడు కాబట్టి సేద్యమంతా అక్కదే. తవ్వించడం, ఉడకబెట్టించడం, ఎండబెట్టడం, డ్రమ్ములో పాలిష్ పట్టించడం అన్నీ దగ్గరుండి చేయించి, సంచులకెత్తి మా షెడ్డులో దించుతుంది. ధర నచ్చిన రోజున అమ్మకానికి మార్కెట్ యార్డుకు తోలుతుంది. అంటే ఆ షెడ్డులో రేకులదాకా పేర్చి ఉన్నవి గోనెసంచులు కావు, అక్క తొమ్మిది నెలల కష్టం. ఆ సంచులకు జానెడు దూరంలో నేను కారు పెట్టాను.

మరుసటి వారం అక్క వచ్చి చూసింది.

"తమ్మీ, గిది పెట్రోల్‌దా, డీజిల్‌దా?"

"పెట్రోల్‌దే అక్కా."

అక్క చీర కుచ్చిళ్లు ఎగదోపుకొని, కారు పక్కనున్న వరసలోని సంచులు ఒక్కొక్కటే లాగి అవతలి గోడ వైపు జరిపింది. నేను సాయం పట్టకుండా చూస్తూ నిలబడ్డాను. నాకు కోపం వచ్చింది. ఊరందరికీ నిప్పు గురించి పాఠం చెప్పిన నన్ను పట్టుకొని ఇంత అనుమానమా అనిపించింది.

ఆ అనుమానం తీర్చాలనే ఒక ఆదివారం అక్కనూ మా ఆవిడనూ ఎక్కించుకొని డిచ్‌పల్లి ఖిల్లా రామాలయానికి బయలుదేరాను. హైవే ఎక్కి కొంత దూరం పోయామో లేదో, బానెట్ సందుల్లోంచి పొగ మొదలైంది. గోనె కాలిన వాసన. బండి పక్కకు తీసి, ఇంజన్ ఆపి, అందరినీ దింపాను. అక్కడిదాకా నేను చేసినవన్నీ సరైన పనులే. అది ఎవరూ కాదనరు.

తరువాత నాలోని మాస్టారు నిద్ర లేచాడు. బానెట్ పూర్తిగా ఎత్తితే లోపలికి గాలి పోతుంది, గాలి పోతే మూడో భుజం బలపడుతుంది. అందుకని బానెట్ మీద రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడ్డాను. ఈలోగా మొక్కజొన్నల ట్రాక్టరు ఒకటి, ఆటో ఒకటి ఆగాయి. మోటార్ సైకిల్ మీద పోతున్న ఇద్దరు యూనివర్సిటీ విద్యార్థులు ఆగి ఫోన్లు తీశారు. ఆటోవాడు బానెట్ ఎత్తడానికి వచ్చాడు.

"ముట్టుకోవద్దు! ఆక్సిజన్ సరఫరాను నిలిపివేయాలి!" అని అరిచాను. కంగారు పడితే నాకు పాఠ్యపుస్తకం తెలుగే వస్తుంది.

ఆటోవాడు వెనక్కి తగ్గి నన్ను ఎగాదిగా చూశాడు. "లోపట ఏం దాచినవ్ సార్? ఎందుకు తెరువనిస్తలేవ్?"

దాంతో జనంలో ఆసక్తి పెరిగింది. ట్రాక్టరు మీదివాళ్లు కూడా దిగి వచ్చారు. బానెట్ రేకు వేడెక్కి అరచేతులు చుర్రుమంటున్నా, పరువు కోసం తీయలేదు. అప్పుడు అక్క నన్ను భుజం పట్టి పక్కకు నెట్టింది. రోడ్డు అంచున ఉన్న మట్టి కొంగులోకి ఎత్తుకొని, బానెట్ బెత్తెడు మాత్రం లేపించి, ఆ సందులోంచి పొగ వస్తున్న చోట కుమ్మరించింది. ఇంకో రెండు కొంగుల మట్టి పడేసరికి పొగ ఆగిపోయింది. ప్రతి ఏడాది పసుపు ఉడికే పొయ్యి ముందు నిలబడే మనిషి. త్రిభుజం గీయడం ఆమెకు రాదు.

చల్లారాక బానెట్ ఎత్తి చూస్తే, ఇంజన్ నుంచి సైలెన్సర్ గొట్టం మొదలయ్యే చోట సగం కాలిన ఎలుక గూడు. దానినిండా గోనె నార, అక్కడక్కడ కొరికిన పసుపు కొమ్ములు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. "చూసినవా అక్కా! నీ సంచుల నార! బండి తప్పేం లేదు."

"నా సంచులు కొరికిన ఎలుకకు ఇల్లు కట్టిచ్చినోనివి నువ్వే గదరా!" అంది అక్క, కొంగు దులుపుకుంటూ.

రామాలయానికి ఆటోలో పోయాము. నేను బానెట్ తెరువనివ్వని ఆటోవాడే తీసుకుపోయాడు. దారంతా అద్దంలోంచి నన్నే చూశాడు.

తిరుగు దారిలో కారును తాడు కట్టి లాగించుకొని ఇంటికి వచ్చాక అక్క తేల్చి చెప్పింది. "నా పసుపు అమ్ముడువోయేదాక బండి బయట పెట్టు తమ్మీ. గిది అంటుకుంటే నాకు మళ్ల తొమ్మిది నెలలు. గా తొమ్మిది నెలలు ఏం తినాలె, మీ బావకు మందులు ఏంతోటి తేవాలె?"

న్యాయంగా నేను ఆ క్షణమే తాళంచెవి తీసుకోవాలి. కానీ ఏప్రిల్ ఎండలు మొదలయ్యాయి. మా ఊరి రాతి గుట్టలు పగలంతా కాగి, సాయంత్రం ఆ సెగంతా మా మీదికి వదిలే రోజులు. ఆ ఎండలో నా కారు రంగు పగులుతుంది, సీట్లు చిట్లుతాయి. పదిహేను రోజులు గడువు అడిగాను. ఇంజన్‌లో నిప్పు అనేది పుట్టకుండా చేసి చూపిస్తాననీ, అప్పుడు నువ్వే వచ్చి పరీక్ష పెట్టుకోమనీ అన్నాను. అక్క సరేనంది. తమ్ముడు కదా అని ఒప్పుకుంది, నమ్మి కాదు.

మొట్టమొదట నేను చేసిన పని చార్టు రాయడం. తెల్ల చార్టు మీద ఎర్ర స్కెచ్చుతో 'బండి తీసేముందు చూడవలసినవి' అని శీర్షిక పెట్టి, దాని కింద గూళ్లు, గుడ్డపీలికలు, వైర్లు, పైపులు, వాసన అని వరసగా రాసి షెడ్డు గోడకు అతికించాను. రెండో పని, మంటలార్పే ఎర్ర సిలిండర్ కొని తేవడం. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని దాన్ని డిక్కీలో పెట్టి తాళం వేశాను.

మూడో పనిగా ఉస్తాద్‌ను పిలిచాను. ఆర్మూరు బస్టాండు వెనక షాపు. ఈ రకం బండ్లు చూసే మెకానిక్కులలో మిగిలింది ఆయన ఒక్కడే. వచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, బానెట్ కింద తల పెట్టాడు.

"సార్, గీ ఫ్యూజు ఎవరు కట్టిన్రు?"

ఫ్యూజు అనేది సన్నటి తీగ. కరెంటు హద్దు దాటితే అది కాలిపోయి మిగతా వైర్లను కాపాడుతుంది. ఈ సంగతి తొమ్మిదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు, ఎందుకంటే నేనే చెప్పాను. కానీ నా కారులో ఆ ఫ్యూజు వారానికోసారి పోతుంటే విసుగు పుట్టి, లావుపాటి రాగి తీగ చుట్టి పడేశాను. అది జన్మలో కాలదు. దాని బదులు కారు కాలుతుంది.

"పాత ఓనరై ఉంటడు" అన్నాను.

"మీరే గదా!" మా ఆవిడ గడపలోంచి అంది. "మొన్న నా మిక్సీ వైరు కోసింది గిందుకే గదా. పచ్చడి రోట్ల నూరుకుంట కూసున్న."

ఉస్తాద్ నా వైపు చూడకుండా మర్యాదగా నేల వైపు చూశాడు. ఆయన కూతుర్లిద్దరికీ పాఠం చెప్పింది నేనే. ఆ రోజు నాకు నిజంగా తల కొట్టేసినట్టయింది.

తరువాత ఆయన మూడు రోజులు పని చేశాడు. ఎలుకలు కొరికిన వైర్లు తీసేసి కొత్తవి వేశాడు. సరైన ఫ్యూజులు పెట్టాడు. ఊగుతున్న బ్యాటరీని పట్టీతో బిగించి, బండి నిలబెట్టినప్పుడు కరెంటు మొత్తం తెంచేసే ఒక స్విచ్చు అమర్చాడు. కనపడిన పెట్రోలు పైపులన్నీ మార్చాడు.

"ఇప్పటి పెట్రోల్ల ఇథనాల్ కలుపుతున్రు సార్. గీ పాత బండ్ల రబ్బరుకు అది పడది, తినుకుంట పోతది. పైకి మంచిగనే కనవడ్తది, వంచి చూస్తే పగుళ్లు. ఇగ ఫికర్ లేదు, అన్నీ కొత్తయే."

అన్నీ కొత్తవే అన్న మాట నమ్మాను. నిజానికి నమ్మకూడని కారణం ఒకటి నా దగ్గరే ఉంది. అది చెప్పడానికి ముందు మా ప్రాంతపు అలవాటు ఒకటి చెప్పాలి.

ఇక్కడ దారిలో రేడియేటర్ కారితే డ్రైవర్లు దాంట్లో గుప్పెడు పసుపు వేస్తారు. వేడి నీళ్లకు పసుపు ఉబ్బి, సన్నటి చిల్లిని మూసేస్తుంది. షాపు చేరేదాకా బండి నడుస్తుంది. నా కారు రేడియేటర్‌కు కూడా కొన్న కొత్తలో నేను ఆ వైద్యం చేశాను. పని చేసింది. పసుపు మీద నాకు గురి కుదిరింది. ఆ తరువాత కొన్నాళ్లకు పెట్రోల్ పంపు దగ్గర, పైపు అతుకులో కొంచెం తడి కనిపించింది. ఉస్తాద్ దాకా ఎందుకులే అని, అక్క సంచిలోంచే నాలుగు పసుపు కొమ్ములు తీసి, పొడి కొట్టి, నీళ్లతో మెత్తగా కలిపి, ఆ అతుకు చుట్టూ దట్టంగా మెత్తాను. ఎండి గట్టిపడింది. వాసన తగ్గినట్టు అనిపించింది. ఆ సంగతి మరిచిపోయాను.

మా ఆవిడ మరిచిపోలేదు. ఎందుకంటే ఆమెకు అసలు సంగతి తెలియదు. శుక్రవారం బండికి బొట్టు పెట్టడానికి వచ్చి, ఇంజన్‌లో పసుపు పూసిన చోటు చూసి, మొగుడికి రిటైరయ్యాక భక్తి కుదిరిందని సంతోషించి, దాని మీద కుంకుమ పెట్టింది. పై శుక్రవారం ఇంకో పూత పసుపు, ఇంకో బొట్టు. ఆ పై శుక్రవారం ఒక చామంతి. నెల తిరిగేసరికి నా పెట్రోల్ పైపు అతుకు చిన్న అమ్మవారైపోయింది. ఉస్తాద్ పని చేసిన మూడు రోజులూ దాన్ని చూశాడు. పూజ చేసిన జాగా అని చేయి పెట్టకుండా, చుట్టూ మాత్రం తుడిచి వదిలేశాడు.

గడువు రోజున అక్క వచ్చింది. ఉస్తాద్‌ను కూడా సాక్షిగా పిలిచి పెట్టుకున్నాను. చార్టు ముందు నిలబడి స్కేలుతో ఒక్కొక్క అంశం చూపిస్తూ వివరించాను. స్విచ్చు తిప్పి చూపించాను. ఎర్ర సిలిండర్ గురించి కూడా చెప్పాను.

"ఏదీ?" అంది అక్క.

డిక్కీ తాళంచెవి వెతికాను. లుంగీ మడతలో లేదు, చొక్కా జేబులో లేదు. లోపలికి పోయి టీవీ మీద నుంచి తెచ్చి, తాళం తిప్పి, స్టెప్నీ కింద నుంచి సిలిండర్ బయటికి లాగేసరికి చెమటలు పట్టాయి.

"మంట ముందట, సిలిండర్ ఎనుక, తాళంచెవి ఇంట్ల" అంది అక్క. "గీ లోపు నా పసుపు బూడిదైతది. సీటు కింద పెట్టరాదురా."

అది చార్టులో లేని అంశం. రాసుకున్నాను.

అక్క బానెట్ దగ్గరికి వంగింది. వైర్లు చూడలేదు, బ్యాటరీ చూడలేదు. ఆమె చూపు నేరుగా పసుపు మీదికి పోయింది. గోటితో ఒక పెళ్ల గీకి, రెండు వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది. యార్డులో ధర చెప్పేముందు వ్యాపారులు చేసే పని అది. అక్క వాళ్లకంటే బాగా చేస్తుంది.

"గీ పసుపు యాడిది?"

"మనదే అక్కా. నీ సంచిలదే."

"నా పసుపు గిట్ల నల్లగ కాదు. గిది తడిసింది. నీళ్లతోని తడిసింది గాదు."

"పూజ పసుపు వదినె, ముట్టకు" అంది మా ఆవిడ.

అక్క అప్పటికే రెండో పెళ్ల ఊడదీసింది. చామంతి పక్కన పెట్టి, కుంకుమ తుడిచి, పూతలన్నీ ఒలిచేసింది. లోపల పాత రబ్బరు పైపు, చుట్టూ పగిలి, నోరు తెరుచుకొని ఉంది. మేము చూస్తుండగానే పగులులోంచి ఒక చుక్క ఊరింది. లావైంది. వేలాడింది. దాని కిందుగా కొద్ది దూరంలోనే సైలెన్సర్ గొట్టం, ఆ వెనకాల ఎదురు గోడ వరకూ సంచులు.

చుక్క పడింది. అదృష్టం, ఇంజన్ చల్లగా ఉంది. మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వారం రోజులుగా నేను ఈ కారును షెడ్డులోనే స్టార్టు చేసి, ఇంజన్ శబ్దం వింటూ మురిసిపోతున్నాను.

ఉస్తాద్ గొంతు సవరించుకున్నాడు. "సార్... గా పసుపు ముందుగాల పెట్టింది ఎవరు?"

ఈసారి పాత ఓనరు పేరు చెప్పడానికి నోరు రాలేదు. "నేనే. కారుతుంటే మెత్తిన."

"రేడియేటర్ల అంటే నీళ్లుంటయ్, పసుపు ఉబ్బుతది. పెట్రోల్ల పసుపు ఉబ్బుతదా సార్? మీరు సైన్స్ సారు గదా!"

"నేను దేవుడనుకున్న" అంది మా ఆవిడ, నన్ను కాల్చేసేటట్టు చూస్తూ. "నెల దినాలు మొక్కిన గా పైపుకు!"

ఉస్తాద్ అప్పటికప్పుడు షాపుకు పోయి కొత్త పైపు తెచ్చి, రెండు వైపులా క్లిప్పులు వేసి బిగించాడు. పొడి గుడ్డ చుట్టి, కారును బయటికి నెట్టించి, ఇంజన్ అరగంట నడిపి, గుడ్డ విప్పి చూపించాడు. ఎక్కడా తడి లేదు. ఇకపై పసుపూ బొట్టూ స్టీరింగు మీద తప్ప బానెట్ కింద కనిపించకూడదని తీర్మానించాము. మళ్లీ కారు షెడ్డులో పెట్టి, చేతులు కడుక్కొని, అక్క ముందుకు వచ్చి నిలబడ్డాను.

"ఇగ ఏం భయం లేదక్కా. సంచులు నిమ్మళంగ ఉంచుకోవచ్చు. నాది జిమ్మ, నాది పూచీ."

అక్క సంచి మీద కూర్చొని ఉంది. షెడ్డంతా ఒకసారి కలయజూసింది.

"గీ షెడ్ల నీది ఏమున్నది తమ్మీ?"

"అంటే?"

"నీ సామాను. ఇంతకుముందు గా మూలకు నీ పుస్తకాల పెట్టెలు ఉండె గదా. ఏడికి పోయినయ్?"

"చెదలు పడుతున్నయని ఇంట్లకు మార్చిన్రు వదినె" అంది మా ఆవిడ.

కారు కొన్న మొదటి వారంలోనే ఆ పెట్టెలు ఇంట్లోకి మార్చాను. ఆమెతో నేను చెప్పిన కారణం అదే. నా పుస్తకాలు, నా పాఠాల నోట్సు, పిల్లలు రాసిన ఉత్తరాలు, అన్నీ మంచం కింద భద్రంగా ఉన్నాయి. అప్పుడు ఏ ఆలోచనతో మార్చానో నాకు నేను కూడా చెప్పుకోలేదు. కానీ నా చేతులకు తెలుసు. నా కాగితాలను నిప్పుకు దూరంగా జరిపి, అక్క సంచులను దాని పక్కనే వదిలేశాను. ఆమె సంచులు జరుపుతుంటే కోపం కూడా తెచ్చుకున్నాను. ఆ ఏడాది అంతటిలో నాకు అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

"చెదలు గాదక్కా" అన్నాను.

నేను కారు దగ్గరికి పోయి వెనక్కి నెట్టడం మొదలుపెట్టాను. కదల్లేదు. ఊపిరి బిగబట్టి నెట్టాను, అంగుళం జరగలేదు. అక్క లేచి వచ్చి పక్కన భుజం ఆనించింది.

"ముందు హ్యాండ్ బ్రేకు దియ్యిరా" అంది.

అలా కారు ఎండలోకి వచ్చింది. పాత టార్పాలిన్ కప్పాను. రంగు నేను భయపడినట్టే బానెట్ మీద రెండు చోట్ల పగిలింది. మే నెలలో ధర అక్కకు నచ్చింది. సంచులన్నీ ట్రాక్టరెక్కి యార్డుకు పోయాయి. ఆఖరి సంచి ఎక్కించాక అక్క షెడ్డు తలుపులు బార్లా తెరిచి, "తెచ్చుకో ఇగ నీ బండి" అంది.

నేను ముందు ఇంట్లోకి పోయి, మంచం కింది పెట్టెలు ఒక్కొక్కటే మోసుకొచ్చి, పాత మూలలోనే పేర్చాను. ఆ తరువాతే కారు లోపల పెట్టాను. నడుము పట్టేసింది గాని, మనసుకు బాగుంది.

అక్క సంచులు ఉన్నన్నాళ్లూ నేను వారానికి ఒకసారి బానెట్ ఎత్తి చూసేవాణ్ణి. నా పుస్తకాలు వచ్చినప్పటి నుంచి రోజుకు రెండుసార్లు చూస్తున్నాను. ఈ మాట అక్కకు ఇంకా చెప్పలేదు.